పిల్లల ఆటల్లో తలకు దెబ్బ తగిలితే: తల్లిదండ్రులు, కోచ్‌లు, పీఈటీలు తరచుగా అడిగే ప్రశ్నలు

మన పిల్లలు ఎక్కువగా ఆడేవి క్రికెట్, కబడ్డీ, ఖోఖో, ఫుట్‌బాల్. ఈ నాలుగింట్లోనూ తలకు దెబ్బలు తగులుతూనే ఉంటాయి. గ్రౌండ్‌లో డాక్టర్ ఉండడు కాబట్టి మొదటి నిర్ణయం కోచో, పీఈటీ సారో, బౌండరీ దగ్గర నిలబడ్డ నాన్నో తీసుకోవాల్సి వస్తుంది. వాళ్ళ కోసమే ఈ పేజీ. ఇది వైద్యానికి బదులు కాదు. ఇప్పుడే ఎవరికైనా దెబ్బ తగిలి ఇది తెరిచి ఉంటే, మిగతాది తర్వాత చదవొచ్చు, ముందు మూడో ప్రశ్న, నాలుగో ప్రశ్న చూడండి.

1. తల పగలలేదు, రక్తం రాలేదు. ఇంకా కంకషన్ అంటారేంటి?

కంకషన్ అంటే దెబ్బ వల్ల మెదడు పనితీరు దెబ్బతినడం, అది పైకి కనిపించే గాయం కాదు. మెదడు పుర్రె లోపల నీరులాంటి ద్రవంలో ఉంటుంది. తలకో, దవడకో, ఒక్కోసారి ఛాతీకో గట్టిగా తగిలి తల ఒక్కసారిగా ఊగితే, పుర్రె ఆగిన చోట మెదడు ఆగదు. అది లోపలే కదిలి, మెలితిరిగి, సన్నని నాడీ తంతువులు సాగుతాయి. కణాల్లో ఉండాల్సిన పొటాషియం బయటికి, బయట ఉండాల్సిన కాల్షియం లోపలికి పోతాయి. దాన్ని సరిచేసుకోవడానికి మెదడుకు మామూలు కంటే ఎక్కువ శక్తి కావాలి. సరిగ్గా ఆ సమయంలోనే దానికి రక్త ప్రసరణ తగ్గుతుంది. తలనొప్పి, మందకొడితనం, వాంతి వచ్చేలా ఉండటం, చదివింది బుర్రకెక్కకపోవడం వంటివన్నీ ఇందులోంచి వచ్చేవే.

అందుకే నుదుటి మీద బొప్పి కట్టిందా లేదా అన్నది చూసి తీర్పు చెప్పకండి. పెద్ద బొప్పి కట్టిన పిల్లాడికి ఏమీ కాకపోవచ్చు, గీత కూడా పడనివాడికి కంకషన్ ఉండొచ్చు.

2. మా వాడు స్పృహ తప్పలేదు కదా?

చాలామంది తప్పరు. కంకషన్ అయిన పదిమందిలో సుమారు తొమ్మిది మంది స్పృహలోనే ఉంటారు. స్పృహ తప్పితేనే సీరియస్ అనే నమ్మకం మన గ్రౌండ్లలో ఎంత గట్టిగా ఉందంటే, "మాట్లాడుతున్నాడుగా, ఆడనీ" అన్న మాటతో కేసు అక్కడితో ముగిసిపోతుంది.

చూడాల్సినవి వేరే ఉన్నాయి. లేచి నిలబడ్డాక తూలుతున్నాడా, ఎటో చూస్తూ ఉండిపోతున్నాడా, అడిగినదానికి ఆలస్యంగా జవాబిస్తున్నాడా, అడిగిందే మళ్ళీ అడుగుతున్నాడా, ఫీల్డింగ్‌లో తన స్థానం మర్చిపోయాడా గమనించండి. పిల్లాడే తలనొప్పి, తల తిరగడం, కళ్ళు మసకబారడం, వెలుతురు చూడలేకపోవడం, చెవుల్లో హోరు అని చెప్పొచ్చు. చిన్నపిల్లలైతే అవేవీ చెప్పలేక ఊరికే ఏడుస్తారు, చిరాకు పడతారు, అమ్మ దగ్గరికి పోతామంటారు. ఏడెనిమిదేళ్ళవాడు దెబ్బ తగిలాక విసుక్కుంటుంటే మారాం చేస్తున్నాడని కసురుకోకండి.

ఇవి వెంటనే కనిపించాలనేమీ లేదు. 2019 ఆగస్టులో లార్డ్స్ టెస్టులో జోఫ్రా ఆర్చర్ బంతి స్టీవ్ స్మిత్ మెడకు తగిలింది. పక్కనే డాక్టర్లున్నారు, పరీక్షలన్నీ చేశారు, అన్నింట్లోనూ పాసయ్యాడు. మళ్ళీ బ్యాటింగ్‌కి దిగి 92 దగ్గర అవుటయ్యాడు. మర్నాడు పొద్దున లేచేసరికి తలనొప్పి, మగత. మ్యాచ్ నుంచి తప్పించారు, తర్వాతి టెస్టూ ఆడలేదు. అతని స్థానంలో వచ్చిన మార్నస్ లబుషేన్ టెస్ట్ క్రికెట్‌లో మొదటి కంకషన్ సబ్‌స్టిట్యూట్. అంత పెద్ద వైద్య బృందానికే మొదటి రోజు పట్టుబడనిది, మన స్కూల్ గ్రౌండ్‌లో పది నిమిషాల్లో తేల్చేస్తామనుకోవడం అత్యాశ.

3. గ్రౌండ్‌లో దెబ్బ తగిలిన మొదటి ఐదు నిమిషాల్లో ఏం చేయాలి?

ఆట ఆపండి. అందరూ మూగి, భుజాల కింద చేతులు వేసి లేపేసి, తల మీద నీళ్ళు పోసి, చెంపల మీద తట్టడం మనకు బాగా అలవాటు. ఇవేవీ చేయకండి. తలకు అంత దెబ్బ తగిలినప్పుడు మెడ ఎముకకు కూడా తగిలి ఉండొచ్చు. పిల్లాడు పడినచోటే ఉండనిచ్చి, ఒకరు రెండు చేతులతో తల కదలకుండా పట్టుకుని మాట్లాడాలి. మెడ నొప్పి అన్నా, చేతులు కాళ్ళు తిమ్మిరిగా ఉన్నాయన్నా, స్పృహలో లేకపోయినా కదిలించకుండా 108కి ఫోన్ చేయండి. అలాంటప్పుడు హెల్మెట్ కూడా తీయొద్దు, ఊపిరి ఆడటం లేదంటే తప్ప. వాంతి అవుతుంటే తల, మెడ, ఒళ్ళు ఒకే వరుసలో ఉండేలా నలుగురు కలిసి పక్కకు తిప్పాలి. ఫిట్స్ వస్తే చేతిలో తాళాల గుత్తి పెట్టడం, నోట్లో చెంచా పెట్టడం వల్ల ఉపయోగం లేదు. చెంచా వల్లైతే పళ్ళు విరుగుతాయి కూడా.

అవేవీ లేవు, తనే లేచి కూర్చున్నాడనుకుందాం. నీడలోకి తీసుకెళ్ళి ఐదు ప్రశ్నలు అడగండి. ఇప్పుడు మనం ఏ గ్రౌండ్‌లో ఉన్నాం? ఇది మొదటి ఇన్నింగ్సా, రెండోదా? చివరిగా అవుటయింది ఎవరు? పోయిన మ్యాచ్ ఎవరితో ఆడాం? అందులో గెలిచామా? ఒక్కటి తప్పినా కంకషన్ కిందే లెక్క. అన్నీ సరిగ్గా చెప్పినంత మాత్రాన లేదని మాత్రం కాదు. ఆట నుంచి తప్పించడానికే ఈ ప్రశ్నలు, మళ్ళీ దించడానికి సర్టిఫికెట్ కావు.

పిల్లాణ్ణి ఒంటరిగా వదలొద్దు. ఇంటికి బైక్ వెనక కూర్చోబెట్టి తీసుకెళ్ళొద్దు. దారిలో కళ్ళు తిరిగితే రోడ్డు మీద రెండో దెబ్బ. ఆటో అయినా నయమే, పక్కన ఒకరు కూర్చోవాలి.

4. ఎలాంటప్పుడు వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి?

ఈ కింది వాటిలో ఏ ఒక్కటున్నా ఆలోచించే పని లేదు:

- కొద్దిసేపైనా స్పృహ తప్పడం, లేదా మగత పెరుగుతూ లేపినా సరిగ్గా లేవకపోవడం
- ఫిట్స్
- వాంతులు
- తలనొప్పి తగ్గకపోగా అంతకంతకూ పెరగడం
- ఒకటి రెండుగా కనిపించడం, చూపు పోవడం
- చేతులు కాళ్ళలో బలహీనత, తిమ్మిరి, మాట ముద్దగా రావడం
- మెడ నొప్పి
- ముక్కు లేదా చెవి నుంచి రక్తంగానీ నీళ్ళలాంటి ద్రవంగానీ కారడం, చెవి వెనక కమిలినట్టు నల్లబడటం
- ఎవరినీ గుర్తుపట్టకపోవడం, కారణం లేకుండా కలబడటం, గందరగోళంగా మాట్లాడటం

వీలైతే సీటీ స్కాన్, న్యూరోసర్జన్ రెండూ ఉన్నచోటికి నేరుగా వెళ్ళండి. విశాఖ కేజీహెచ్, గుంటూరు జీజీహెచ్, హైదరాబాద్‌లో గాంధీ, ఉస్మానియా, నిమ్స్ లాంటివి. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ పెట్టించి "కాసేపు చూద్దాం" అనుకుంటే, పోయే ఆ గంటే ముఖ్యమైనది కావచ్చు. పెద్దాసుపత్రి దూరమైతే 108లో ఎక్కించండి, ఎక్కడికి తీసుకెళ్ళాలో వాళ్ళకు తెలుస్తుంది.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. పుర్రెకు, మెదడుకు మధ్య రక్తస్రావం అయినప్పుడు మొదట్లో మనిషి మామూలుగా మాట్లాడుతూ, నడుస్తూ ఉండి, తర్వాత గంటల్లోనే కుప్పకూలవచ్చు. 1998 ఫిబ్రవరిలో ఢాకాలో ఒక క్లబ్ మ్యాచ్‌లో మన మాజీ టెస్ట్ ఆటగాడు రమణ్ లాంబా హెల్మెట్ లేకుండా షార్ట్ లెగ్‌లో నిలబడ్డాడు. బ్యాట్స్‌మన్ కొట్టిన బంతి తలకు తగిలింది. లేచి డ్రెస్సింగ్ రూమ్‌కి నడిచి వెళ్ళాడు. మూడు రోజులకు చనిపోయాడు. అప్పటికి ఆయనకు 38 ఏళ్ళు.

5. పది నిమిషాలు కూర్చున్నాక బాగానే ఉందంటున్నాడు. ఫైనల్ మ్యాచ్, మాకు వాడే ప్రధాన బౌలర్. మళ్ళీ దించొచ్చా?

వద్దు. ఆ రోజుకు ఆట అయిపోయింది.

ఈ పేజీలో ఒకే ఒక్క విషయం గుర్తుంటుందంటే అది ఇదే కావాలని నా కోరిక. కంకషన్ అని అనుమానం వచ్చిన పిల్లాడు అదే రోజు మళ్ళీ మైదానంలోకి రాకూడదు. ఫైనల్ అయినా, స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ (ఎస్‌జీఎఫ్) సెలక్షన్స్ అయినా, సెలక్టర్ గ్యాలరీలో కూర్చుని చూస్తున్నా సరే. "అనుమానం" అంటే చాలు, నిర్ధారణ అక్కర్లేదు. ఈ విషయంలో ప్రపంచమంతా క్రీడా వైద్యులది ఒకటే మాట.

పిల్లాడిని అడిగి నిర్ణయం తీసుకోవద్దు. మెదడుకు దెబ్బ తగిలినవాడిని నీ మెదడు ఎలా ఉందని అడిగితే వచ్చే జవాబుకు విలువెంత? పైగా పద్నాలుగేళ్ళ కుర్రాడు "ఆడలేను సార్" అని జట్టంతా చూస్తుండగా అనడు. కోచ్‌కు కూడా గెలవాలన్న టెన్షన్ ఉంటుంది కాబట్టి, ఆ జట్టుతో సంబంధం లేని ఒకరికి ఈ అధికారం ముందే ఇచ్చి ఉంచడం మంచిది.

6. రెండో దెబ్బ ప్రమాదం అంటారు. నిజంగా అంతుందా, లేక భయపెట్టడమా?

అరుదు. కానీ జరిగిందంటే తిరుగు లేనిది. మొదటి దెబ్బ నుంచి కోలుకోని మెదడుకు ఇంకో దెబ్బ, అదీ చిన్నది, తగిలినా మెదడులో రక్త ప్రసరణ అదుపు తప్పి నిమిషాల్లో వాచిపోవచ్చు. ఇప్పటిదాకా నమోదైనవి ఎక్కువగా ఇరవై ఏళ్ళలోపు వాళ్ళవే.

2011 జనవరిలో ఉత్తర ఐర్లండ్‌లో 14 ఏళ్ళ బెంజమిన్ రాబిన్సన్ స్కూల్ రగ్బీ మ్యాచ్‌లో దెబ్బ తగిలాక కూడా ఆట కొనసాగించాడు. అదే మ్యాచ్ చివర్లో పడిపోయి మళ్ళీ లేవలేదు. 2013 మేలో కెనడాలోని ఒట్టావాలో 17 ఏళ్ళ రోవన్ స్ట్రింగర్ వారం కూడా తిరక్కముందే తలకు మూడు దెబ్బలు తిని చనిపోయింది. తనకు కంకషన్ ఉందేమోనని ఫోన్‌లో వెతికింది, స్నేహితులకు మెసేజ్ పెట్టింది. పెద్దవాళ్ళకు మాత్రం చెప్పలేదు. ఆ అమ్మాయి పేరు మీదే ఒంటారియో రాష్ట్రం 2018లో చట్టం తెచ్చింది.

అమెరికాలో 2006లో 13 ఏళ్ళ జాకరీ లిస్టెడ్ అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో దెబ్బ తగిలాక అదే మ్యాచ్‌లో మళ్ళీ దిగి, బతికినా ఏళ్ళ తరబడి నడకా మాటా మళ్ళీ నేర్చుకోవాల్సి వచ్చింది. 2009లో వాషింగ్టన్ రాష్ట్రం చేసిన చట్టం అతని పేరుతోనే ఉంది. ఈ ముగ్గురి కథల్లోనూ మొదటి దెబ్బ తర్వాత ఆపే అవకాశం ఉంది.

7. సీటీ స్కాన్ నార్మల్ వచ్చింది. ఇక ఆడొచ్చుగా?

స్కాన్ చూపించేది రక్తస్రావం, ఎముక విరగడం. కంకషన్‌లో దెబ్బతినేది కణాల పనితీరు, అది సీటీలో కనపడదు. స్కాన్ నార్మల్ అంటే ఆ సమయానికి అందులో రక్తస్రావం, ఎముక విరగడం కనిపించలేదని మాత్రమే అర్థం.

ఇంకో వైపు, దెబ్బ తగిలిన ప్రతి పిల్లాడికీ స్కాన్ అక్కర్లేదు. 42 వేలకు పైగా పిల్లల మీద జరిగిన ఒక ఉత్తర అమెరికా అధ్యయనం 2009లో వచ్చింది. ఎవరికి స్కాన్ కావాలి, ఎవరిని కొన్ని గంటలు గమనిస్తే చాలు అని డాక్టర్లు తేల్చుకోవడానికి దాని నుంచి ఒక పద్ధతి తయారైంది. రేడియేషన్ పెద్దల కంటే పిల్లలకే ఎక్కువ హాని కాబట్టి, "స్కాన్ వద్దు, ఇక్కడే నాలుగు గంటలు ఉంచండి" అని డాక్టర్ అంటే నిర్లక్ష్యం అనుకోకండి. "అంత దూరం వచ్చాం, స్కాన్ తీసేయండి సార్" అని పట్టుబట్టడం కూడా మానుకోవాలి.

8. రాత్రి నిద్రపోనివ్వకూడదంటారు కదా?

పోనివ్వొచ్చు. నిద్ర మెదడుకు మంచిదే. ప్రమాద సూచనలు లేకుండా, మామూలుగా మాట్లాడుతూ పడుకున్నవాడిని తెల్లార్లూ మేల్కొలిపి ఉంచడం హింస. మొదటి రాత్రి పక్కన ఒకరు పడుకోండి. డాక్టర్ చెబితే మధ్యలో లేపి పేరు, చోటు అడగండి. లేపినా లేవకపోతే, విచిత్రంగా ఊపిరి తీస్తుంటే ఆసుపత్రికి బయల్దేరండి.

హాస్టళ్ళలో ఉండే పిల్లల విషయమే నాకు ఎక్కువ దిగులు. గురుకులాల్లో, స్పోర్ట్స్ స్కూళ్ళలో సాయంత్రం దెబ్బ తగిలినవాడు రాత్రి డార్మిటరీలో నలభై మంది మధ్య పడుకుంటాడు. వార్డెన్‌కు విషయమే తెలియదు. పీఈటీ సార్ ఆ రాత్రి వార్డెన్‌కు స్వయంగా చెప్పాలి, ఇంటికి ఫోన్ చేయించాలి. పక్క మంచం కుర్రాడికి ఏం గమనించాలో చెప్పి ఉంచడం కూడా పనికొస్తుంది.

9. తలనొప్పికి ఏ మాత్ర వేయాలి?

పారాసిటమాల్, బరువుకు తగ్గ మోతాదులో. మొదటి రెండు రోజులు ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్, డైక్లోఫెనాక్ వద్దు, లోపల రక్తస్రావం ఉంటే అవి పెంచవచ్చు. మన ఇళ్ళలో ఉండే కాంబిఫ్లామ్‌లో ఐబుప్రొఫెన్ ఉంటుందని చాలామందికి తెలియదు. ఆర్‌ఎంపీలు వేసే నొప్పి ఇంజెక్షన్ చాలాసార్లు డైక్లోఫెనాకే. నిద్ర మాత్రలు అసలు వద్దు.

బొప్పికి గుడ్డలో ఐస్ చుట్టి పెట్టండి. తెగిన చోట పసుపు, కాఫీ పొడి అద్దితే గాయం శుభ్రం చేయడం డాక్టర్‌కు కష్టమవుతుంది. శుభ్రమైన గుడ్డతో నొక్కి పట్టుకుంటే చాలు. లోపల ఎముక కుంగినట్టు అనిపిస్తే మాత్రం నొక్కొద్దు.

10. మంచి హెల్మెట్ కొన్నాం. ఇంకా కంకషన్ వస్తుందా?

వస్తుంది. హెల్మెట్ పుర్రె పగలకుండా, ముఖం చితక్కుండా కాపాడుతుంది. లోపల మెదడు కదలడాన్ని పూర్తిగా ఆపలేదు. అలాగని హెల్మెట్ అనవసరం అనుకునేరు. లెదర్ బంతి 156 నుంచి 163 గ్రాములుంటుంది. అది నేరుగా ఎముకకు తగిలితే ఈ చర్చంతా వేరేగా ఉంటుంది. కార్క్ బంతితో ఆడేటప్పుడు కూడా హెల్మెట్ పెట్టాల్సిందే. "లెదర్ కాదుగా" అంటూ కార్క్ బంతికి ఒట్టి తలతో బ్యాటింగ్ చేసే కుర్రాళ్ళు మన ఊళ్ళలో కనిపిస్తూనే ఉంటారు.

కొనేటప్పుడు లోపలి స్టిక్కర్ మీద బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 7928:2013 అని ఉందో లేదో చూడండి. గ్రిల్‌కీ పైనున్న అంచుకీ మధ్య సందులోంచి బంతి దూరకూడదు. పిల్లలు చిన్న బంతితో ఆడితే ఆ బంతికి తగ్గట్టు కూడా చూడాలి. పెద్దవాళ్ళ హెల్మెట్ లోపల గుడ్డ కుక్కి పెట్టడం, బైక్ హెల్మెట్‌తో నెట్స్‌కి రావడం రెండూ తప్పే. తలకు పట్టుగా ఉండి, స్ట్రాప్ బిగించాక తల ఊపినా కదలకూడదు. గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగున్నా మార్చాలి. అకాడమీ కిట్ బ్యాగులో ఏళ్ళుగా తిరుగుతున్న హెల్మెట్ ఎన్ని దెబ్బలు తిందో ఎవరికీ లెక్క ఉండదు. బ్యాట్ మీద పెట్టే డబ్బులో కొంత ఇటు మళ్ళించమని నా సలహా.

2014 నవంబర్‌లో సిడ్నీలో ఫిలిప్ హ్యూస్‌కు బంతి తగిలింది హెల్మెట్ కింద, మెడ మీద. అక్కడి రక్తనాళం చిట్లి రెండు రోజుల తర్వాత చనిపోయాడు. అది కంకషన్ కాదు. మెడ వెనక బిగించే నెక్ గార్డులు వాడుకలోకి వచ్చింది ఆ తర్వాతే. పిల్లలకు అవి పెట్టించండి.

క్రికెట్‌లో బ్యాటింగ్ ఒక్కటే చూడకండి. స్టంప్స్ దగ్గర నిలబడే కీపర్‌కు హెల్మెట్ కావాలి. క్లోజ్ ఫీల్డర్ల విషయంలో ఇంగ్లండ్ బోర్డు నియమం తీసుకోవడం మంచిది. 13 ఏళ్ళలోపువాళ్ళు మధ్య స్టంప్‌కు 11 గజాల లోపల, 15 ఏళ్ళలోపువాళ్ళు 8 గజాల లోపల నిలబడకూడదు, స్టంప్స్ వెనక ఆఫ్ సైడ్ తప్ప. ఇక మన దగ్గర ప్రత్యేకమైన ప్రమాదం ఇంకోటుంది. ఒకే మైదానంలో నాలుగు మ్యాచ్‌లు ఒకదాని మీద ఒకటి జరుగుతుంటాయి, ఒకరి లాంగాన్ ఇంకొకరి పాయింట్. తెర లేని పక్క నెట్‌లోంచి వచ్చే బంతి తలకు తగిలేది వీపు తిప్పి ఉన్నవాడికే. దానికి హెల్మెట్ కంటే నెట్స్ మధ్య అడ్డు వలే ముఖ్యం.

11. కబడ్డీ, ఖోఖోలో హెల్మెట్టే ఉండదు. అక్కడేం చేయాలి?

టెక్నిక్, నేల. కబడ్డీలో ఎక్కువ దెబ్బలు రైడర్ మోకాలు డిఫెండర్ తలకు తగిలో, చెయిన్‌లో ఇద్దరు డిఫెండర్ల తలలు ఢీకొనో వస్తాయి. ఆంకిల్ హోల్డ్‌కి వంగేటప్పుడు తల రైడర్ కాళ్ళకు ఎదురుగా కాకుండా పక్కకు ఉండాలి. కళ్ళు మూసుకుని తల ముందు పెట్టి దూకే అలవాటు చిన్నప్పుడే మాన్పించాలి. పదిహేనేళ్ళవాణ్ణి ఇరవై ఐదేళ్ళ వాళ్ళతో డాష్‌కి నిలబెట్టొద్దు. సంక్రాంతి టోర్నమెంట్లలో ఇది మామూలుగా జరుగుతుంది, జట్టుకు ఒకడు తగ్గాడని ఎవరో ఒకర్ని లాగుతారు.

మట్టి కోర్టు అయితే రాళ్ళు ఏరి, తవ్వి, తడిపి మెత్తబరచాలి. మ్యాట్ అయితే ముక్కల మధ్య సందులు లేకుండా చూడాలి. కోర్టు చుట్టూ కుర్చీలు, సౌండ్ బాక్సులు, ఫ్లడ్‌లైట్ స్తంభాలు కనీసం నాలుగైదు అడుగుల దూరంలో ఉండాలి. ఖోఖోలో పోల్ నున్నగా ఉండాలి, పోల్ డైవ్ నేర్పేటప్పుడు మొదట నెమ్మదిగా, స్పాంజి చుట్టి నేర్పండి.

12. బడికి ఎప్పుడు పంపాలి? ఇంటర్ పరీక్షలు దగ్గర్లో ఉన్నాయి.

మొదటి ఒకటి రెండు రోజులు ఇంట్లో విశ్రాంతి. చీకటి గదిలో పడుకోబెట్టడం అని కాదు, ఆ పద్ధతి ఇప్పుడు లేదు. ఇంట్లో తిరగడం, మెల్లగా నడవడం మంచిదే. ఈ రెండు రోజులు ఫోన్, టీవీ బాగా తగ్గిస్తే త్వరగా కోలుకుంటారని తేలింది. ఆ తర్వాత తలనొప్పి పెద్దగా పెరగనంత వరకు చదువుకోవచ్చు. అరగంట చదివి పది నిమిషాలు ఆగడం, మొదట సగం రోజు బడి, తర్వాత పూర్తి రోజు అన్నట్టు.

అసలు సమస్య మన కాలేజీల టైమ్‌టేబుల్. పొద్దున ఆరింటి స్టడీ అవర్ నుంచి రాత్రి పదిదాకా కూర్చోబెట్టి, వారం చివర టెస్ట్ పెట్టే చోట కంకషన్ అయిన పిల్లాడు నలిగిపోతాడు. మార్కులు తగ్గితే బద్ధకం అంటారు. కాబట్టి డాక్టర్ చీటీ తీసుకుని ప్రిన్సిపాల్‌ను కలవండి. రెండు వారాలు వీక్లీ టెస్టులు లేకుండా, ఉదయం స్టడీ అవర్ మినహాయించి, ఫ్యాన్ కింద ముందు వరుసలో కూర్చోనివ్వమని అడగండి. చాలామంది పిల్లలు నాలుగు వారాల్లోపు మామూలవుతారు. నెల దాటినా తలనొప్పి, మతిమరుపు, దిగులు, నిద్ర పట్టకపోవడం ఉంటే న్యూరాలజిస్ట్‌ను కలవాలి.

చదువు పూర్తిగా గాడిన పడేదాకా ఆట గురించి మాట్లాడొద్దు. ఈ వరుస తారుమారు కాకూడదు.

13. మళ్ళీ ఆటలోకి ఎలా పంపాలి?

మెట్టు మెట్టుగా, ఒక్కో మెట్టుకు కనీసం ఒక రోజు. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో సమావేశమైన నిపుణులు చెప్పిన ఆరు మెట్లను ఒక క్రికెట్ కుర్రాడికి అన్వయిస్తే ఇలా ఉంటుంది. మొదట ఇంటి పనులు, నడక. తర్వాత తేలికపాటి జాగింగ్ లేదా సైకిల్. మూడోది ఒంటరిగా చేసే కసరత్తు: షాడో బ్యాటింగ్, పరుగు, తలకు బంతి తగిలే అవకాశం లేని త్రోలు. ఇక్కడిదాకా కొద్దిపాటి లక్షణాలున్నా ఫర్వాలేదు. కసరత్తుతో తలనొప్పి బాగా పెరిగినా, గంటకు మించి ఉన్నా ఆ రోజుకు ఆపి మర్నాడు మళ్ళీ ప్రయత్నించాలి.

నాలుగో మెట్టు నుంచి లక్షణాలు పూర్తిగా పోయి ఉండాలి: టెన్నిస్ బంతితో త్రోడౌన్లు, క్యాచింగ్. ఐదోది, డాక్టర్ సరే అన్నాక, లెదర్ బంతితో నెట్స్. కబడ్డీ అయితే పట్టు, డాష్ ఇక్కడే మొదలు. ఆరోది మ్యాచ్.

లెక్క ప్రకారం ఇది వారంలో అయిపోవచ్చు. కానీ బ్రిటన్‌లో 2023లో స్కూల్, క్లబ్ స్థాయి ఆటలకు ఇచ్చిన మార్గదర్శకాలు పోటీ మ్యాచ్‌కు కనీసం 21 రోజులు ఆగాలంటాయి. స్పోర్ట్స్ డాక్టర్ అందుబాటులో లేని మన పరిస్థితికి ఈ 21 రోజులే సరైనవని నా అభిప్రాయం. టీవీలో ఆటగాడు వారానికే తిరిగొచ్చాడని పోల్చకండి, వాళ్ళ వెనక రోజూ పరీక్షించే డాక్టర్లుంటారు, వాళ్ళ మెదడు ఇంకా ఎదుగుతున్నది కాదు.

14. అమ్మాయిలకు తేడా ఏమైనా ఉంటుందా?

ఫుట్‌బాల్ లాంటి ఒకే ఆట ఆడినప్పుడు అబ్బాయిల కంటే అమ్మాయిలకు కంకషన్లు ఎక్కువని, కోలుకోవడానికి ఎక్కువ రోజులు పట్టొచ్చని చాలా అధ్యయనాలు చెబుతున్నాయి. మెడ కండరాల బలం ఒక కారణం కావచ్చు. అందుకని ఆట మాన్పించడం కాదు, మెడ, భుజాల కసరత్తులు నేర్పించడం, దెబ్బ తగిలితే అంతే శ్రద్ధగా చూడటం. "ఇందుకే ఆడపిల్లకి కబడ్డీ వద్దన్నాను" అనే మాట ఇంట్లో వినిపిస్తే, ఆ అమ్మాయి రెండోసారి తగిలిన దెబ్బ చెప్పదు.

15. దాస్తున్నాడేమో అనిపిస్తోంది. ఎలా తెలుసుకోవాలి?

నేరుగా "తలనొప్పి ఉందా" అంటే లేదనే అంటాడు. భోజనం దగ్గర, నిద్రలో, పుస్తకం ముందు గమనించండి. ట్యూబ్‌లైట్ ఆర్పమంటున్నాడా, ఇష్టమైన కూర వదిలేస్తున్నాడా, చీటికిమాటికి చెల్లెలి మీద అరుస్తున్నాడా. జట్టులోని స్నేహితుణ్ణి అడగండి, వాడికి తప్పకుండా తెలిసి ఉంటుంది. కోచ్‌లు సీజన్ మొదట్లోనే పిల్లలందరికీ చెప్పాలి: తలకు దెబ్బ తగిలిందని చెప్పినవాడి స్థానం జట్టులో పోదు. చెప్పడమే కాదు, మొదటిసారి ఒకడు చెప్పినప్పుడు ఆ మాట నిలబెట్టుకోవాలి. మిగతా పదిమందీ అదే చూస్తుంటారు.

16. ఎన్నిసార్లు కంకషన్ అయితే ఆట మానేయాలి?

ఇన్నిసార్లు అని అంకె లేదు. ప్రతిసారీ చిన్న దెబ్బకే వస్తోందా, ప్రతిసారీ కోలుకోవడానికి ఎక్కువ రోజులు పడుతోందా అన్నది చూస్తారు. ఆ రెండూ ఉంటే న్యూరాలజిస్ట్‌తో కూర్చుని మాట్లాడాల్సిందే. ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్ విల్ పుకోవ్‌స్కీ పదేపదే కంకషన్లయ్యాక 2025లో, 27 ఏళ్ళకే, క్రికెట్ వదిలేశాడు. ఒక్క కంకషన్‌తో జీవితాంతం సమస్య వస్తుందని భయపడక్కర్లేదు. సరిగ్గా చూసుకుంటే పిల్లలు పూర్తిగా కోలుకుంటారు.

17. మేం అమెరికాలో ఉంటాం. పిల్లాడి సాకర్ కోసం స్కూల్ వాళ్ళు కంకషన్ ఫారం సంతకం పెట్టమన్నారు.

చదివి పెట్టండి. లిస్టెడ్ చట్టం తర్వాత అక్కడి అన్ని రాష్ట్రాల్లోనూ పిల్లల ఆటలకు కంకషన్ చట్టాలు వచ్చాయి. అనుమానముంటే ఆపడం, వైద్యుల అనుమతి లేకుండా తిరిగి దించకపోవడం వాటి సారం. సాకర్ సమాఖ్య పరిధిలో పదేళ్ళు, అంతకంటే తక్కువ వయసు పిల్లలకు హెడింగ్ (తలతో బంతిని కొట్టడం) లేదు, 11 నుంచి 13 ఏళ్ళవాళ్ళకు ప్రాక్టీస్‌లో పరిమితి ఉంది. వారాంతాల్లో మనవాళ్ళు పెట్టుకునే క్రికెట్ లీగుల్లో కూడా పిల్లలకు ఇవే జాగ్రత్తలు పాటించమని నిర్వాహకులను అడగండి. సెలవులకు ఇండియా వచ్చినప్పుడు తాతగారి ఊళ్ళో ఆడి దెబ్బ తగిలితే, తిరిగెళ్ళాక అక్కడి స్కూల్‌కు తప్పక చెప్పాలి.

18. ఊళ్ళో టోర్నమెంట్ పెడుతున్నాం. కనీసం ఏం ఉండాలి?

డాక్టర్‌ను పెట్టలేకపోతే కూడా చేయగలిగినవి ఉన్నాయి. దగ్గర్లోని సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రి పేరు, దారి, ఫోన్ నంబరు స్కోరర్ బల్ల మీద రాసి ఉంచండి. ఒక కారు, డ్రైవర్‌తో సహా, మ్యాచ్ అయ్యేదాకా కదలకుండా ఉండాలి. ఐస్ డబ్బా, శుభ్రమైన గుడ్డలు. ఏ జట్టుకూ చెందని ఒక పెద్దమనిషి, బహుశా ఊళ్ళోని ఏఎన్‌ఎం లేదా రిటైరైన పీఈటీ సార్, "వీడు బయటికి" అంటే అంపైర్ కూడా కాదనకూడదు. క్రికెట్‌లో ఐసీసీ 2019 ఆగస్టు నుంచి కంకషన్ అయిన ఆటగాడి బదులు వేరొకరిని అనుమతిస్తోంది. మీ టోర్నమెంట్ నియమాల్లోనూ ఆ ఒక్క లైను రాయండి. బదులు ఆటగాడు ఉన్నాడంటే కెప్టెన్‌కు గాయపడ్డవాణ్ణి తప్పించడం సులువవుతుంది.

ఒక నోటు పుస్తకం పెట్టి దెబ్బ తగిలిన పిల్లాడి పేరు, సమయం, ఎలా తగిలింది, ఏ లక్షణాలు కనిపించాయి రాసి, దాని ఫొటో తల్లిదండ్రులకు వాట్సాప్‌లో పంపండి. రాత్రి ఆసుపత్రిలో డాక్టర్ మొదట అడిగేది అదే.